డెంగీ పాజిటివ్‌లన్నీ ఒకే కాలనీ నుంచి వస్తున్నాయి... నేను ఎపిడమియాలజిస్ట్ కావచ్చా?

మైక్రో_స్రవంతి, హన్మకొండ:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. కేయూలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. రెండేళ్ళుగా హన్మకొండలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేస్తున్నాను. వానాకాలం వచ్చిందంటే మాకు ఊపిరి సలపదు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే డెంగీకి ఎన్ఎస్1 కార్డులు, ప్లేట్‌లెట్ కౌంట్లు, టైఫాయిడ్‌కి వైడల్... అన్నం తినేసరికి మూడవుతుంది.

పోయిన నెల ఒక సంగతి నా కంట్లో పడింది. డెంగీ పాజిటివ్ వచ్చినవాళ్ళ అడ్రసులు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే ఒకే కాలనీ పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఊరి మ్యాప్ ప్రింట్ తీయించి, ఒక్కో పాజిటివ్‌కి ఎర్ర స్కెచ్ పెన్‌తో ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి ఆ కాలనీ మీద బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు అయింది. మా ఓనర్ సార్‌కి చూపించాను. 'మన పని రిపోర్ట్ ఇయ్యడం, చుక్కలు పెట్టుడు కాదమ్మా' అన్నారు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంటురోగాలు ఎక్కడ, ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కగట్టి పరిశోధన చేసేవాళ్ళను ఎపిడమియాలజిస్టులు అంటారని అప్పుడే చదివాను. ఇంట్లో చెబితే మా అమ్మ 'గదేం రోగం బిడ్డా?' అంది. బాపు డీఎస్సీ రాయమంటాడు, లేదంటే గ్రూప్ ఫోర్. ఇద్దరూ కలిసి సంబంధాలు కూడా చూస్తున్నారు.

నాకు 26. ఎంబీబీఎస్ లేదు. ఈ దారిలోకి రావచ్చా? వస్తే రోజూ ఏం చేస్తారు? ఫైళ్ళ ముందు కూర్చునే ఉద్యోగమా, నిజంగా పరిశోధనేనా? ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి. యూట్యూబ్‌లో చూసి చెప్పేవాళ్ళు దయచేసి వద్దు.

*

కాంట్రాక్ట్_బతుకు:

మేడం, నేనూ డాక్టర్‌ని కాదు. డిగ్రీలో బీజెడ్‌సీ, ఆ తర్వాత ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లాలో ఎపిడమియాలజిస్ట్ పోస్టులో ఉన్నాను. పేరు గంభీరంగా ఉంటుంది, ఉద్యోగం కాంట్రాక్ట్. మార్చి వచ్చిందంటే రెన్యూవల్ టెన్షన్. ఇది ముందే చెప్పడం నా ధర్మం.

చదువు సంగతి: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య సంస్థలోనూ ఎంపీహెచ్ ఉంది, డాక్టర్లు కానివాళ్ళను కూడా తీసుకుంటారు. పరిశోధనే కావాలంటే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీకి వెళ్ళొచ్చు. మీ ఎమ్మెస్సీ అందుకు సరిపోతుంది. ఢిల్లీలో రోగాల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీడీసీలో ఇండియా ఈఐఎస్ అని 2012లో మొదలైన రెండేళ్ళ శిక్షణ ఉంది. అది ముఖ్యంగా డాక్టర్ల కోసం.

రోజూ ఏం చేస్తామంటే, 2004 నుంచి దేశమంతా ఐడీఎస్పీ అనే రోగాల నిఘా వ్యవస్థ నడుస్తోంది. మొదట్లో వారానికోసారి మూడు ఫారాలు వచ్చేవి. ఏఎన్ఎం నింపేది ఎస్, డాక్టర్ నింపేది పి, ల్యాబ్ నింపేది ఎల్. ఇప్పుడు అంతా ఆన్‌లైన్ పోర్టల్. మాకు అన్నిటికంటే తక్కువ వచ్చేది మీలాంటి ప్రైవేటు ల్యాబ్‌ల నుంచే. కాబట్టి మీ ఓనర్‌ని ఒప్పించి ఆ లిస్టు జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కి పంపించండి. కార్డు టెస్ట్ పాజిటివ్ అయితే మేం 'ప్రాబబుల్' అని రాసుకుంటాం, ఎలైజా అనే ల్యాబ్ పరీక్షలో తేలితేనే కన్ఫర్మ్. మ్యాప్ మాత్రం దాచుకోండి.

మా లెక్కల బాధ ఒకటి చెబుతాను. 2024 ఫిబ్రవరి మేడారం జాతరలో నాకు మెడికల్ క్యాంపుల లెక్కల డ్యూటీ పడింది. జంపన్నవాగు నుంచి గద్దెల దాకా జనం, దుమ్ము, బంగారం (మొక్కు బెల్లం) మూటలు. ప్రతి క్యాంపులో ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, ఎన్ని జ్వరాలు అని రాత్రి పన్నెండుకి కూడి పంపాలి. పైనుంచి ఫోన్: 'పోయిన జాతర కంటే ఎక్కువా తక్కువా?' జాతరకు ఎంతమంది వచ్చారో తెలిస్తే కదా సార్! ఒకరు కోటి అంటారు, ఒకరు కోటిన్నర అంటారు. భాగించడానికి కింద అంకె లేకపోతే పైన అంకెతో ఏం చేసుకోను? చివరికి క్యాంపుకొచ్చిన ప్రతి వంద మందిలో విరేచనాలవాళ్ళు ఎందరు అని చూసి, రెండు జాతరలకూ పోల్చి పంపాను. సగం సమాధానం. అమ్మవార్ల దయ వల్ల ఆ ఏడు పెద్ద గొడవేమీ కాలేదు.

*

జమ్మికుంట_ప్యాసింజర్:

స్రవంతీ, 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు. నీ వయసు మేనకోడలుంది నాకు.

ముందు మీ అమ్మ ప్రశ్న. నేను ఎపిడమియాలజిస్ట్‌నని తెలిసిన రోజు నుంచి మా అత్తగారి తరఫు చుట్టాలంతా నాకు గజ్జి, తామర, కాలి పగుళ్ళు చూపించారు. 'ఎపిడెర్మిస్ అంటే చర్మం కదా' అని మా బావగారు ఒకాయన మొదలుపెట్టారు ఈ ప్రచారం. పదిహేనేళ్ళు ఖండించాను. ఇప్పుడు ఆయింట్‌మెంట్ పేరు రాసిచ్చి పంపిస్తున్నాను, అందరికీ సుఖం.

ఇక నీ మ్యాప్. నువ్వు చేసింది మంచి పని, కానీ నేను ఇంకా నమ్మలేదు. ఒక ప్రశ్న అడుగుతాను. ఆ కాలనీలో మీ ల్యాబ్‌కి శాంపిళ్ళు పంపే ఆర్ఎంపీ గానీ, క్లినిక్ గానీ ఉందా? ఉంటే అక్కడివాళ్ళంతా మీ దగ్గరికే వస్తారు, పక్క కాలనీవాళ్ళు ఇంకో ల్యాబ్‌కి పోతారు. అప్పుడు నీ ఎర్ర చుక్కలు డెంగీ మ్యాప్ కాదు, మీ ఓనర్ గారి గిరాకీ మ్యాప్! పాజిటివ్‌లకి చుక్కలు పెట్టావు సరే, నెగటివ్‌లకి పెట్టావా?

చిన్న మాటలాగా కనబడుతుంది గానీ నా ఉద్యోగమంతా ఇదే. జబ్బు పడినవాళ్ళ దగ్గరికి అందరూ పోతారు. డాక్టర్ పోతాడు, విలేకరి పోతాడు, ఎమ్మెల్యే కూడా పోతాడు. జబ్బు పడనివాళ్ళ ఇంటికి పనిగట్టుకుని పోయేది మేమొక్కళ్ళమే. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో గీసిన మ్యాప్ గురించి చదివే ఉంటావు. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ చావుల గుర్తులు. అందరూ ఆ గుర్తులే చూస్తారు. నాకు ముచ్చటనిపించేది ఆ వీధిలోనే బీరు తయారుచేసే చోట పనివాళ్ళ సంగతి. పంపు పక్కనే ఉన్నా వాళ్ళు కలరాతో చావలేదు. ఎందుకని పోయి అడిగితే, వాళ్ళకు పనిచోట బీరు ఇచ్చేవారు, పంపు నీళ్ళ జోలికే పోలేదు. స్నో ఆ రానివాళ్ళను కూడా అడిగాడు చూడు, అదీ పరిశోధన.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెబుతాను. 2003 ఎండాకాలం చివర. వరంగల్‌లో హౌస్ సర్జన్‌ని. పిల్లల వార్డులో డ్యూటీ. కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి పిల్లలు రావడం మొదలైంది. కథ అందరిదీ ఒకటే. సాయంత్రం వాకిట్లో ఆడుకున్న పిల్ల, రాత్రి జ్వరం, తెల్లవారుజామున వాంతులు, ఫిట్స్. పొద్దున ఆటోలోనో ట్రాక్టర్‌లోనో మా దగ్గరికి. మధ్యాహ్నానికి ఆ మంచం ఖాళీ. ఫిట్స్ ఆపే ఇంజెక్షన్, సెలైన్, ఆక్సిజన్, మా చేతిలో ఉన్నవి ఇవే. మొదట మేమంతా జపనీస్ మెదడువాపే అనుకున్నాం. ఎందుకో సరిపడలేదు. ఇంత వేగంగా పోవడం పాఠాల్లో చదవలేదు.

అప్పుడు బయటి నుంచి ఒక బృందం వచ్చింది. అందులో ఒకాయన నేరుగా నా దగ్గరికి వచ్చి కేస్ షీట్లు అడిగాడు. గంటసేపు బెంచీ మీద కూర్చుని పొడుగాటి కాగితం మీద గళ్ళు గీసుకుని రాస్తూ పోయాడు: పేరు, వయసు, ఊరు, జ్వరం మొదలైన గంట, ఫిట్స్ వచ్చిన గంట, చనిపోయిన గంట. ఇక్కడ పిల్లలు పోతుంటే ఈయన గళ్ళు గీస్తున్నాడేమిటని నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం టీ తాగేటప్పుడు ఆ కాగితం నా ముందు పెట్టాడు. నేను ఒక్కొక్క మంచం దగ్గర చూసినది అక్కడ ఒక్కసారిగా కనబడింది. ఏ వయసు పిల్లలు, ఏ మండలాలు, జ్వరానికీ ఫిట్స్‌కీ మధ్య ఎంత తక్కువ వ్యవధి. దాన్ని లైన్ లిస్ట్ అంటారని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది మన ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు వచ్చింది, 183 మంది పోయారు. పుణె వైరాలజీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు శాంపిళ్ళలో చాందీపురా వైరస్ పట్టుకున్నారు. నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్ళో 1965లో ఇద్దరు జ్వరం రోగుల రక్తంలో మొదట దొరికిన వైరస్ అది. దాదాపు నలభై ఏళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2004లో లాన్సెట్‌లో పేపర్ వచ్చింది. అంతటితో అయిపోయిందనుకోకు. ఇది వైరస్ మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు సంబంధించిన స్ట్రోక్‌లాగా ఉందని వాదించిన డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ వాదనలు చదువుతుంటే నాకు పరిశోధన అంటే ఏమిటో అర్థమైంది. నా వార్డులో నా చేతుల మీద పోయిన పిల్లల గురించి పెద్దవాళ్ళు అంకెలతో కొట్లాడుకుంటున్నారు. నేను ఆ అంకెలు ఎలా పుడతాయో నేర్చుకోవాలనుకున్నాను. తర్వాత పుణెవాళ్ళే ఉత్తర తెలంగాణ పిల్లల్లో మళ్ళీ వెతికి, ఇక్కడి మెదడువాపుకి ఈ వైరస్ పెద్ద కారణమని రాశారు. ఇసుక ఈగ దాన్ని మోస్తుందని అంటారు. పాత మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల దగ్గర ఉండే చిన్న ఈగ. 2024లో గుజరాత్‌లో మళ్ళీ వచ్చినప్పుడు టీవీలో 'కొత్త వైరస్' అని చెబుతుంటే రిమోట్ విసిరేయబోయాను.

మా నాన్న జమ్మికుంట మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే కాంటా వేసేవాడు. పిల్లల డాక్టర్ అవుతాననుకుని ఊరంతా చెప్పుకున్నాడు. నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ తీసుకున్నానని చెబితే 'సూది ఇయ్యని డాక్టర్ ఏం డాక్టరే?' అన్నాడు. నువ్వు రోజంతా పత్తి తూస్తావు, ఒక్క బస్తా అయినా కొంటావా అమ్ముతావా అన్నాను. కాంటా సరిగ్గా ఉంటేనే కదా మిగతావాళ్ళ బేరం. ఆయన నవ్వలేదు, ఆ తర్వాత అడగనూ లేదు.

పనిలో అన్నిటికంటే కష్టమైనదేమిటో చెబుతాను. ఎండీ తర్వాత మొదటి స్టడీ. పిల్లల మెదడువాపు మీదే. ఒక పిల్ల పోయిన ఇంటికి వెళ్ళి రెండు గంటలు ప్రశ్నలు అడిగాను. గోడలు మట్టివా, ఎక్కడ పడుకుంది, పశువులెన్ని, దోమతెర ఉందా. ఆ తల్లి అన్నీ చెప్పింది. నేను లేచి పక్కింటికి నడిచాను, అదే వయసు పిల్ల, బాగానే ఉంది. ఆ తల్లి గడపలో నిలబడి అడిగింది: 'నా బిడ్డ పోయింది, నన్ను అడిగినవ్, సరే. వాళ్ళ బిడ్డకు ఏం గాలే గదా, ఆడ ఏమడుగుతవ్?' నా దగ్గర జవాబు ఉంది. ఆ గడపలో చెప్పగలిగే జవాబు కాదు. ఊరికే నిలబడ్డాను.

ఆ జవాబు నీకు చెబుతాను. ఒక ఊళ్ళో దావత్ అనుకో. 120 మంది తిన్నారు, 30 మందికి వాంతులు విరేచనాలు. ఆ 30 మందిని అడిగితే 28 మంది మటన్ తిన్నామన్నారు. ఊరంతా మటన్ మీద పడుతుంది, వంటవాడి పని అయిపోతుంది. ఇప్పుడు ఏమీ కాని 90 మందిని అడుగు. 84 మంది వాళ్ళు కూడా మటన్ తిన్నారు. లెక్క వెయ్యి. తిన్న 112 మందిలో 28, అంటే నూటికి 25. తినని 8 మందిలో 2, అదీ నూటికి 25. మటన్ నిర్దోషి. డ్రమ్ములో నీళ్ళ గురించి అడుగు. జబ్బు పడినవాళ్ళలో 27 మంది తాగారు, పడనివాళ్ళలో 18 మంది. తాగిన 45 మందిలో 27, నూటికి 60. తాగని 75 మందిలో 3, నూటికి 4. పదిహేను రెట్లు. ఈ మాట ఆ 90 మంది చెప్పారు, జబ్బు పడ్డవాళ్ళు కాదు.

2020 మేలో కూడా ఇదే గొడవ. ఐసీఎంఆర్ దేశంలో 70 జిల్లాలు తీసుకుని, జిల్లాకి 400 మంది చొప్పున రక్తం తీసి కరోనా యాంటీబాడీలు చూసింది. మన దగ్గర జనగామ, కామారెడ్డి, నల్గొండ. నేను జనగామ వైపు వెళ్ళిన టీమ్‌లో ఉన్నాను. ఊరి మొదట్లోనే ముళ్ళకంప అడ్డం పెట్టారు. 'మా ఊళ్ళో కరోనా లేదు, ఎందుకొచ్చిండ్రు? మీరు పరీక్ష చేస్తే మా ఊరికి పేరొస్తది.' లేదనే వచ్చాం పెద్దమనిషీ, ఉన్న ఊళ్ళే తిరిగితే దేశంలో ఎంతుందో ఎలా తెలుస్తుంది అని సర్పంచ్‌తో గంటన్నర మాట్లాడాను, పీపీఈ కిట్‌లో చెమట మడమల్లోకి కారుతుంటే. మొదటి విడతలో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.73 శాతానికి సోకిందని తేలింది. చిన్న అంకే. కానీ లెక్కకెక్కిన ఒక్కో కేసు వెనక 82 నుంచి 130 దాకా లెక్కకెక్కనివి ఉన్నాయని దాన్నిబట్టే తెలిసింది.

బోదకాలు సర్వే కూడా చెప్పాలి, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారన్నావు కాబట్టి. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకని రాత్రి ఎనిమిది దాటాక ఇంటింటికీ వెళ్ళి వేలిమీద పొడిచి స్లైడ్ తీయాలి. కరీంనగర్ వైపు పల్లెల్లో కుక్కలు నన్ను పేరు పెట్టి పిలిచేంత పరిచయం. మొదటి నెలల్లో మా ఆయన జీపు వెనక బైక్ మీద వచ్చేవాడు, తర్వాత విసుగొచ్చి మానేశాడు. బోదకాలు వాపు ఉన్న ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళ కింద కాళ్ళు దాచుకునేవాళ్ళు, అడిగినా ఒప్పుకునేవాళ్ళు కాదు. సర్కారు బోదకాలుకి పెన్షన్ పెట్టాక దాచిన కాళ్ళు బయటికి వచ్చాయి. జబ్బు పెరగలేదు, చెప్పుకోవడానికి ఒక కారణం దొరికింది. అంకె పెరిగిందంటే జబ్బు పెరిగిందని తొందరపడొద్దని నాకు నేర్పింది ఆ పెన్షనే.

మిగతాది ఫైళ్ళే, అబద్ధం చెప్పను. పది రోజులు ఊళ్ళో తిరిగితే పది నెలలు కంప్యూటర్ ముందు. ప్రపోజల్, ఎథిక్స్ కమిటీ, తెలుగులో అంగీకార పత్రం, వయసు 250 అని ఎక్కించిన ఎంట్రీలు దిద్దడం, పేపర్ పంపితే తిప్పికొట్టడం. ఇప్పటి నుంచే ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకో, డబ్బులు అక్కర్లేదు.

ఎంబీబీఎస్ లేదని చిన్నబోకు. వైడల్ ఒక్కసారి చేస్తే చాలదు, అయినా దాన్నిబట్టి టైఫాయిడ్ అని రాసిచ్చిన రిపోర్టులు నువ్వు ఎన్ని చూసి ఉంటావు? లెక్కలు వేసే మాలాంటివాళ్ళకు ఆ అంకె ఏ కార్డు మీద, ఏ కిట్‌తో, ఎంత హడావిడిలో పుట్టిందో తెలియదు. నీకు తెలుసు.

ఆ నెగటివ్‌ల సంగతి చూసి చెప్పు.

*

ఏటూరునాగారం_రిటైర్డ్:

డాక్టరమ్మ రాసింది చదివి ఉండలేక రాస్తున్నా. మలేరియా విభాగంలో 31 ఏళ్ళు చేసి రిటైరైన సూపర్‌వైజర్‌ని. ఎక్కువ కాలం ఏజెన్సీలోనే.

మాకు ఏపీఐ అని ఒక అంకె ఉంటుంది. ఏడాదిలో వెయ్యి మందికి ఎన్ని మలేరియా కేసులు అని. అది తగ్గితే మీటింగ్‌లో చప్పట్లు. కానీ తగ్గించడానికి రెండు దార్లున్నాయి. ఒకటి దోమను ఆపడం. రెండోది రక్తం స్లైడ్ తీయకపోవడం. వాగు పొంగి గొత్తికోయ ఆదివాసీల గూడేనికి నెలరోజులు ఎవరూ పోకపోతే ఆ నెల అక్కడ మలేరియా సున్నా! అందుకే నూటికి కనీసం పది మంది రక్తమన్నా చూడాలని రూల్ పెట్టారు. స్రవంతి మేడం, ఎవరైనా మలేరియా తగ్గిందని చెబితే, ఎంతమందికి సూది గుచ్చారని ముందు అడగండి.

దోమతెరల గురించి కూడా. పట్నం నుంచి వచ్చిన ఒక స్టడీ వాళ్ళు 'మీ ఇంట్లో దోమతెర ఉందా?' అని అడిగేవాళ్ళు. అందరూ ఉందనేవాళ్ళు. ఉంది నిజమే, కోడిపిల్లల మీద కప్పి ఉంది. నేను పక్కనుంచి 'రాత్రి దాని కింద ఎవరెవరు పండుకున్నరు?' అని అడిగితే నవ్వేవాళ్ళు. కాగితంలో ఆ ప్రశ్న లేదు కాబట్టి ఆ నవ్వు ఎవరూ రాసుకోలేదు.

ఇంకొక మాట, కొంచెం కోపంతోనే. నా సర్వీసులో ఎంతమంది పరిశోధకులను మోటర్‌సైకిల్ మీద అడవిలోకి తీసుకుపోయానో లెక్క లేదు. రక్తం తీసుకుంటారు, ఫోటోలు దిగుతారు, పోతారు. ఏం తేలిందో ఆ గూడేనికి తిరిగొచ్చి చెప్పినవాళ్ళు ఇద్దరే. గూడెం పెద్ద నన్ను అడిగేవాడు, 'సారూ, మా నెత్తురు ఏం చెప్పింది?' అని. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

*

జమ్మికుంట_ప్యాసింజర్:

సారూ, ఆ ఇద్దరిలో నేను లేను. మూడు చోట్లకి తిరిగి వెళ్ళాను, మిగతా ఊళ్ళకి వెళ్ళలేదు. గ్రాంట్ అయిపోయింది, జీపు లేదు అని చెప్పుకున్నాను. బిడ్డ పోయిన ఆ తల్లి గడప ఉన్న ఊరు కూడా వెళ్ళనివాటిలోనే ఉంది.

*

కాంట్రాక్ట్_బతుకు:

అంకుల్, కోడిపిల్లల మాట మా ట్రైనింగ్‌లో వాడుకుంటాను, పర్మిషన్ ఇవ్వండి.

*

ఏటూరునాగారం_రిటైర్డ్:

వాడుకో బిడ్డా. గూడెం పేరు మాత్రం చెప్పకు.

*

మైక్రో_స్రవంతి, హన్మకొండ:

ఐదు రోజులు రిప్లై ఇవ్వలేదు, సారీ. డాక్టరమ్మ చెప్పినట్టు నెగటివ్‌లు తీశాను.

మీరన్నది నిజమే మేడం. ఆ కాలనీ మూల మీద ఒక ఆర్ఎంపీ ఉన్నాడు, జ్వరం అనగానే మా ల్యాబ్‌కి చీటీ రాస్తాడు. పోయిన నెల మేం చేసిన డెంగీ టెస్టుల్లో మూడో వంతు ఆ ఒక్క కాలనీవే. పాజిటివ్‌లు కూడా దాదాపు మూడో వంతే. అంటే అక్కడా, మిగతా ఊళ్ళోనూ ఒకటే రేటు. నా ఎర్ర చుక్కలు ఆర్ఎంపీ చిరునామా చూపించాయి. నిజం చెప్పాలంటే మొదట ఏడుపొచ్చింది. తర్వాత మళ్ళీ చూస్తే ఇంకొకటి కనబడింది. రైల్వే లైన్ అవతల ఒక బస్తీ నుంచి మాకు వచ్చినవి తొమ్మిదే టెస్టులు, అందులో ఐదు పాజిటివ్. ఇంతకుముందు అక్కడ ఐదే చుక్కలు కాబట్టి నా కళ్ళు దాని మీద నిలవలేదు. తొమ్మిదితో ఏమీ చెప్పలేమని తెలుసు. అయినా జిల్లా యూనిట్‌కి ఆ బస్తీ పేరు రాసి పంపాను, ఓనర్ సార్ సంతకం పెట్టారు. ఆయన ఏమన్నారో కూడా రాస్తాను: 'సరే గానీ, మళ్ళీ చుక్కలా?'

ఇంకొక సంగతి. పాత నెలల నెగటివ్‌ల రిజిస్టర్లు కావాలని అడిగితే స్టోర్ రూమ్ అబ్బాయి నవ్వాడు. పాజిటివ్‌లవి దాస్తారట, నెగటివ్‌లవి ఆరు నెలలకోసారి పాత పేపర్ల అతనికి కిలో లెక్కన వేసేస్తారట. ఈసారి కట్ట అప్పటికే కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఏడు రిజిస్టర్లు. అతనికి రావాల్సిన డబ్బులు నేనే ఇచ్చి, పేషెంట్ల పేర్లు ఎవరికీ చూపించనని సార్‌కి రాసిచ్చి, స్టోర్ రూమ్‌లో ఒక బీరువా అడిగి అందులో పెట్టి తాళం వేశాను.